నెకార్ ఒడ్డున గుంటూరు గ్రహణం

విదేశీ చదువంటే వీసా, అద్దె, ఉద్యోగం గురించే మాట్లాడుకుంటాం. ఇది క్లాసు గురించి.

టైంటేబుల్లో పది గంటలని ఉంటుంది. క్లాసు మొదలయ్యేది పదింపావుకి. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో దీన్ని ఆలస్యమనరు, ఆచారమంటారు. సమయం పక్కన ‘సి.టి.’ అని ఉంటే పావుగంట ఆగి రావచ్చు. ‘ఎస్.టి.’ అని ఉంటే మాత్రం గంట కొట్టేసరికి కుర్చీలో ఉండాలి. పాఠం ముగిశాక చప్పట్లుండవు. పిడికిలి ముడిచి, వేళ్ల కణుపులతో బల్ల మీద తడతారు. రెండొందల మంది ఒక్కసారిగా తడితే పెంకుటింటి మీద వడగళ్లు పడ్డట్టుంటుంది. పాఠం బాగుంటే ఆ చప్పుడు ఇంకాసేపు సాగుతుంది, బాగా లేకపోతే రెండు తట్లతో ముగుస్తుంది. మేష్టారు పుస్తకాలు సర్దుకుంటూనే ఆ తేడా వింటాడు.

మాది గుంటూరు. హైదరాబాద్‌లో ఎం.ఏ. చరిత్ర చదువుతూ, విద్యార్థుల మార్పిడి పథకం కింద ఒక విద్యా సంవత్సరం హైడెల్‌బర్గ్‌లో ఉన్నాను. తిరిగొచ్చాక పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాలు అడిగిన ప్రశ్నలు అందరికీ తెలిసినవే. గదికెంత? చలి తట్టుకున్నావా? పార్ట్‌టైం దొరికిందా? అక్కడే ఏదో ఒకటి చూసుకోకుండా ఎందుకొచ్చేశావు? క్లాసులో ఏం చెప్పారని మాత్రం ఎవరూ అడగలేదు. లక్షలు పోసి పంపేది దేనికోసమో ఆ సంగతి తప్ప అన్నీ అడుగుతారు.

ముందు డబ్బు లెక్క తేల్చేస్తాను. లేకపోతే చదివేవారి మనసు అక్కడే ఉంటుంది. జర్మనీలో చాలా రాష్ట్రాల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టరుకింత అని చిన్న చందా కడితే చాలు. హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వూర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మార్పిడి మీద వెళ్లినవాళ్లకు ఆ ఫీజు ఉండదు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాల్సిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలైంది. అంటే నెలకు 992. మన సర్టిఫికెట్లు అసలువేనని తేల్చే ఏపీఎస్ పరిశీలన 2022 నవంబరు నుంచి తప్పనిసరి. ఇంత తతంగం ఉన్నా అక్కడి విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనవాళ్లే ఎక్కువ. 2023-24 శీతాకాలం సెమిస్టరులో దాదాపు 49 వేల మంది భారతీయులున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఇంజినీరింగ్ వాళ్లు. చరిత్ర చదవడానికి వచ్చానంటే మెస్సులో మన పిల్లలు నా వంక జాలిగా చూసేవారు.

హైడెల్‌బర్గ్ చిన్న ఊరు. జనాభా సుమారు లక్షా అరవై వేలు, అందులో ముప్ఫై వేల దాకా విద్యార్థులే. మధ్యలో నెకార్ నది. ఒక ఒడ్డున కొండమీద, పదిహేడో శతాబ్దం చివర్లో ఫ్రెంచి సైన్యాలు కూల్చిన కోట. రెండో ఒడ్డున తత్వవేత్తల బాట. విశ్వవిద్యాలయం 1386లో పుట్టింది, ఇప్పటి జర్మనీలో అంతకంటే పాతది లేదు. 1778 నుంచి 1914 దాకా దానికి సొంత జైలు కూడా ఉండేది. తాగి అల్లరి చేసిన విద్యార్థులను అందులో పడేసేవారు. క్లాసు ఉంటే వెళ్లి రానిచ్చేవారట. గోడల నిండా వాళ్లు మసితో గీసుకున్న బొమ్మలు, పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కసారైనా లోపలికి వెళ్లిరాకపోతే పరువు తక్కువనుకునే కాలం కూడా నడిచింది.

భాష క్లాసు

సెమిస్టరుకు ముందే జర్మన్ భాష తరగతులు పెడతారు. మా గదిలో జార్జియా, బ్రెజిల్, కొరియా, ఇటలీ పిల్లలు, నేను. హైడెల్‌బర్గ్‌లో జర్మన్ నేర్చుకునేవాళ్లందరికీ మార్క్ ట్వేన్ పేరు మొదటి వారంలోనే చెబుతారు. ఆయన 1878 వేసవిలో ఈ ఊళ్లో ఉండి ఈ భాషతో కుస్తీ పట్టాడు. 1880లో అచ్చైన తన యాత్రా గ్రంథం చివర ఆ భాషను వెక్కిరిస్తూ ఒక వ్యాసమే చేర్చాడు. ఆడపిల్లను సూచించే మాటకు జర్మన్‌లో నపుంసక లింగమని ఆయన చేసిన ఎగతాళి విని క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం అందులో వింతేమీ కనబడలేదు. ‘అమ్మాయి వచ్చింది’, ‘బండి వచ్చింది’ అని ఒకే క్రియ వాడుతూ పెరిగినదాన్ని.

టీచరు పుస్తకం పక్కన పెట్టి మమ్మల్ని ఊరి మీదికి తోలేది. బేకరీలో రొట్టె కొనండి, స్టేషన్లో రైలు ఎందుకు ఆలస్యమైందో అడగండి, వచ్చి చెప్పండి. జర్మన్ రైళ్ల గురించి మనకున్న నమ్మకాలన్నీ ఆ ఒక్క పనితో తీరిపోయాయి. ఒక మధ్యాహ్నం నది ఒడ్డుకు తీసుకెళ్లి ఒక బోర్డు చూపించింది. ‘ఇక్బాల్-ఊఫర్’. మన ‘సారే జహాఁ సే అచ్ఛా’ రాసిన ఇక్బాలే. మ్యూనిక్‌లో పరిశోధన పట్టా తీసుకోబోయే ముందు, 1907లో జర్మన్ నేర్చుకోవడానికి ఆయన ఈ ఊరొచ్చాడు. నెకార్ ఒడ్డు సాయంత్రం మీద ఉర్దూలో ఒక చిన్న కవిత కూడా రాశాడు. అప్పుడప్పుడే ‘నా పేరు ఇది, నేను ఇక్కడ ఉంటాను’ అనడం నేర్చుకుంటున్న మాకు, ఆయన కూడా ఈ ఒడ్డునే అక్కడి నుంచే మొదలుపెట్టి ఉంటాడన్న ఊహ కొంచెం ధైర్యమిచ్చింది.

ఆ లెక్చర్లో మా ఊరి పేరు

అక్కడ నచ్చిన పద్ధతి ఒకటుంది. మన శాఖ కాకపోయినా, తలుపు తెరిచి ఉన్న ఏ లెక్చర్లోనైనా కూర్చోవచ్చు. ముందు వరుసల్లో రిటైరైన పెద్దవాళ్లుంటారు. పరీక్ష లేదు, మార్కులు లేవు, ఊరికే వినడానికి పేరు నమోదు చేసుకుని వస్తారు. ప్రశ్నలన్నీ వాళ్లవే. అలా నేను విజ్ఞానశాస్త్ర చరిత్ర లెక్చరుకు అలవాటు పడ్డాను.

మొదటి పాఠాలు బున్సెన్ మీద. ఇంటర్ ల్యాబ్‌లో మనందరం వెలిగించిన బర్నర్ ఆయనదే. తయారు చేసి ఇచ్చింది మాత్రం విశ్వవిద్యాలయం మెకానిక్ పీటర్ డెసాగా. బున్సెన్ 1852లో హైడెల్‌బర్గ్ వచ్చాడు, రెండేళ్ల తర్వాత భౌతికశాస్త్రవేత్త కిర్కాఫ్ చేరాడు. ఉప్పు మంటలో వేస్తే పసుపు, స్ట్రాన్షియం ఎరుపు, రాగి పచ్చ. ఇది అందరికీ తెలిసినదే. ఆ వెలుగును పట్టకం గుండా పంపి చూడమన్నాడు కిర్కాఫ్. ప్రతి మూలకానికీ దాని సొంత గీతలు కనబడ్డాయి. కొత్త గీత కనిపిస్తే కొత్త మూలకం ఉన్నట్టే. 1860లో దగ్గర్లోని డుర్క్‌హైమ్ ఊటనీళ్లలో నీలం గీత చూసి సీజియం కనిపెట్టారు. దాన్ని కాస్త చేతిలోకి తెచ్చుకోవడానికి నలభై టన్నులకు పైగా నీళ్లు మరిగించాల్సి వచ్చింది. మరుసటేడు రుబీడియం దొరికింది. ఒక రాత్రి దూరాన మాన్‌హైమ్‌లో అగ్ని ప్రమాదం జరిగితే, కిటికీలోంచి పరికరం గురిపెట్టి ఆ మంటల్లో ఏమేం మూలకాలున్నాయో చెప్పారు. అంత దూరపు మంటలో ఉన్నది తెలిసినప్పుడు సూర్యుడిలో ఉన్నది ఎందుకు తెలియదు?

ఆ ప్రశ్న దగ్గర మేష్టారు ఆగి, తెర మీద భారతదేశం పటం పెట్టాడు. ఒక గీత పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి అడ్డంగా పోతోంది. ఆయన బెత్తం చివర కృష్ణా డెల్టా దగ్గర ఆగింది. “గున్‌టూర్” అన్నాడు.

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం. హైడెల్‌బర్గ్‌లో పుట్టిన ఆ కొత్త విద్యను గ్రహణం మీద ప్రయోగించడానికి దొరికిన తొలి గొప్ప అవకాశం. ఫ్రాన్స్ నుంచి పియరీ జాన్‌సెన్ గుంటూరు వచ్చి, అక్కడి ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద పరికరాలు పెట్టుకున్నాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెన్నంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సంపూర్ణ గ్రహణం అయిదు నిమిషాలకు పైగా ఉంది. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలల్లో జాన్‌సెన్‌కు ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అవి ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అనిపించిందాయనకు. మర్నాడు పొద్దున్నే మామూలు ఎండలో ప్రయత్నించాడు. కనిపించాయి. ఆ తర్వాత రెండు వారాలకు పైగా గుంటూరు వదలకుండా రోజూ సూర్యుణ్ణి చూస్తూనే ఉన్నాడు. ఇంగ్లండ్‌లో లాకియర్ కూడా అదే పద్ధతిని విడిగా కనిపెట్టాడు. ఇద్దరి కబుర్లూ పారిస్ అకాడమీకి అక్టోబరు 26న, ఒకే రోజున అందాయి. ఇద్దరి ముఖాలతో ఫ్రాన్స్ ప్రభుత్వం పతకం కూడా వేయించింది.

గుంటూరు మిర్చి యార్డు తెలుసు, శంకర్ విలాస్ తెలుసు, పొగాకు తెలుసు. ఇది తెలియదు. పేపర్లో ఎప్పుడైనా చిన్న పెట్టెలో ‘హీలియం పుట్టింది మన గుంటూరులోనే’ అని చదివి ఉంటాను, గుర్తుంచుకోలేదు. క్లాసయ్యాక వెళ్లి “అది మా ఊరు” అన్నాను. ముందు వరుసలోని ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని, అక్కడ ఆగస్టులో మబ్బులుండవా అని అడిగింది. సరైన ప్రశ్నే. ఆగస్టంటే మనకు వానాకాలం. వేల మైళ్లు ఓడల్లో వచ్చి ఆ అయిదు నిమిషాలకు మబ్బు పడితే ఏమయ్యేదో! మేష్టారు ఇంకోటి అడిగాడు. “ఈ సెమిస్టరు వ్యాసం దీని మీద రాస్తారా?”

చౌకులో తవ్విన పాఠం

రెండో సెమిస్టరులో తీసుకున్న సెమినార్ నాకు అన్నిటికంటే ఇష్టమైనది, అన్నిటికంటే కష్టమైనది కూడా. విషయం: నాజీల కాలంలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం. ఏ విశ్వవిద్యాలయమో కాదు, మేం కూర్చున్నదే. పదిహేను మందిమి బల్ల చుట్టూ కూర్చునేవాళ్లం. ఒక నియమం ఉండేది. ఎవరేమన్నా ముందు పేజీ చూపించాలి. ‘అందరికీ తెలిసిందే’ అన్న మాట అక్కడ చెల్లదు.

మొదటి రోజు మమ్మల్ని గదిలో కూర్చోనివ్వలేదు. యూనివర్సిటీ చౌకులోకి తీసుకెళ్లారు. 1933 మే 17న విద్యార్థులు పుస్తకాలు తగలబెట్టింది అక్కడే. అది గుర్తు చేసే ఫలకం నేలలో ఉంది, సైకిళ్లు దాని మీదుగానే పోతుంటాయి. ఎదురుగా ‘కొత్త విశ్వవిద్యాలయం’ భవనం. దాన్ని కట్టడానికి అమెరికా రాయబారి షుర్మన్ తన దేశంలో చందాలు పోగు చేశాడు. తను ఇక్కడ చదువుకున్న ఋణం తీర్చుకున్నాడు. ఇచ్చినవాళ్లలో యూదులూ ఉన్నారు. ద్వారం మీద ఏథీనా దేవత విగ్రహం, ‘సజీవ చైతన్యానికి’ అని అంకితం. నాజీలు వచ్చి దేవతను తీసి డేగను పెట్టారు, ‘సజీవ’ తీసేసి ‘జర్మన్’ అని చెక్కారు. యుద్ధం తర్వాత మళ్లీ పాతదే వచ్చింది. ఇప్పుడు దాని కింద నిలబడి పిల్లలు కాఫీ తాగుతుంటారు.

మేం చదివినవాళ్లలో ఇద్దరు ఇంకా నా వెంట తిరుగుతున్నారు. ఒకరు ఫిలిప్ లెనార్డ్. కేథోడ్ కిరణాల మీద పనికి 1905లో నోబెల్ అందుకున్నాడు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం యూదుల మోసమని ప్రచారం చేశాడు. ‘జర్మన్ భౌతికశాస్త్రం’ పేరుతో నాలుగు సంపుటాలు రాశాడు. 1922 జూన్‌లో యూదు విదేశాంగ మంత్రి రాతెనావ్‌ను చంపితే, అంత్యక్రియల రోజు దేశమంతా సంతాపం పాటించింది. లెనార్డ్ తన ప్రయోగశాల మూయనన్నాడు, కోపంతో జనం వచ్చి ఆయన్ను బయటకు ఈడ్చారు. 1935లో ఇక్కడి భౌతికశాస్త్ర సంస్థకు ఆయన పేరే పెట్టారు. బున్సెన్, కిర్కాఫ్‌ల ఊళ్లో, వాళ్ల తర్వాత రెండు తరాలకే.

రెండోవాడు ఎమిల్ గంబెల్. గణాంకశాస్త్రవేత్త, యూదుడు, యుద్ధ వ్యతిరేకి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో జరిగిన రాజకీయ హత్యలను కూర్చుని లెక్కపెట్టాడు. రైటిస్టులు చేసినవి 354, వామపక్షాలవి 22. ఎవరికెంత శిక్ష పడిందో కూడా పక్కన రాశాడు. రైటిస్టు హంతకుల్లో అత్యధికులకు శిక్షే పడలేదు. ఆవేశం లేదు, విశేషణాలు లేవు, ఉన్నవి పట్టికలు. విద్యార్థులు ఆయన మీద కత్తి కట్టారు. యుద్ధంలో జనం తిన్నది పెద్ద టర్నిప్ దుంప, స్మారకం పెడితే దానికే పెట్టాలి అన్నందుకు 1932లో పాఠం చెప్పే హక్కు తీసేశారు. హిట్లర్ గద్దెనెక్కడానికి ముందే. ఈ మాట మా మేష్టారు రెండుసార్లు చెప్పాడు. పైనుంచి ఎవరూ ఒత్తిడి తేలేదు, విశ్వవిద్యాలయమే తోసేసింది. గంబెల్ ఫ్రాన్స్ మీదుగా అమెరికా చేరాడు, 1966లో న్యూయార్క్‌లో పోయాడు.

ఆ రాత్రి మా పిన్ని కొడుకుతో ఫోన్లో మాట్లాడుతూ ఈ పేరు ఎత్తాను. వాడు కాకినాడలో సివిల్ ఇంజినీరింగ్.

“గంబెలా? వరదల గంబెలేనా అక్కా?”

అతనే. వందేళ్లకోసారి వచ్చే వరద ఎంత ఉంటుందో అంచనా వేయడానికి హైడ్రాలజీలో మన పిల్లలు వేసే గంబెల్ పద్ధతి ఆయనదే. వాడికి సూత్రం నోటికొచ్చు. మనిషి సంగతి నేను చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇది పరీక్షలో రాదుగానీ, మా సార్‌కి చెబుతా” అన్నాడు.

సెమిస్టరు చివర్లో తత్వవేత్త కార్ల్ యాస్పర్స్‌ను చదివాం. భార్య యూదు స్త్రీ అయినందుకు 1937లో ఆయన ఉద్యోగం తీసేశారు. 1945లో తిరిగొచ్చాడు. ఆ శీతాకాలంలోనే, ఓడిపోయి ఆకలితో ఉన్న విద్యార్థులకు ‘మన దోషం ఎంత’ అన్న విషయం మీద పాఠాలు చెప్పాడు. చట్టం ముందు దోషం వేరు, పౌరుడిగా రాజకీయ దోషం వేరు, మనస్సాక్షి ముందున్నది వేరు, సాటి మనిషి చస్తుంటే బతికి ఉన్నందుకు కలిగేది వేరు అని నాలుగుగా విడదీశాడు. ‘నేనేం చేయలేదుగా’ అనేవాడిని ఏ గదిలో కూర్చోబెట్టాలో తేల్చడానికి ఆ విభజన. దాని మీద మా బల్ల చుట్టూ రెండు వారాలు గొడవ జరిగింది. మీ దేశంలో ఈ నాలుగూ దేనికి పెట్టి చూస్తారని జార్జియా అమ్మాయి నన్ను అడిగింది. కులం గురించి చెప్పాను. పేజీ చూపించమన్నారు. అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ తెచ్చి తర్వాతి వారం చదివాం. మేష్టారు ముందే చదివి ఉన్నాడు.

ఆ గదిలో ఎవరూ కన్నీళ్లు పెట్టలేదు, క్షమాపణలు చెప్పలేదు. తమ సంస్థ చేసిన పనిని పద్దుల పుస్తకం చూసినంత మామూలుగా చూశారు. నాకు అదే నచ్చింది. పశ్చాత్తాపం ప్రకటించడం సులువు. లెక్క వేయడానికి ఓపిక కావాలి.

అన్ని క్లాసులూ ఇలా ఉంటాయనుకోకండి. పరిశోధన పద్ధతుల లెక్చర్లో మేష్టారు తన స్లయిడ్లను తనే చదువుకునేవాడు, మేం నిద్రపోయేవాళ్లం. అది ఎక్కడైనా ఒకటే. ప్రింట్స్‌హార్న్ మ్యూజియంలో జరిగిన కళాచరిత్ర తరగతి మాత్రం మరవలేను. మానసిక వైద్యశాలల్లోని రోగులు గీసిన వేలాది బొమ్మల్ని 1920 ముందువెనకల్లో హాన్స్ ప్రింట్స్‌హార్న్ అనే వైద్యుడు పోగు చేశాడు. పిచ్చి అని తోసేయకుండా బొమ్మను బొమ్మగా చూసిన తొలి మనుషుల్లో ఆయనొకడు. ఇంతకంటే చెబితే ఆ గదుల్లో నిలబడ్డప్పటి అనుభవం పలచబడుతుంది.

బందరు దాకా

వ్యాసం సంగతి చెప్పాలి. అక్కడ చివరి పరీక్ష కంటే దీనికే విలువ. పదిహేను పేజీలు, సెలవుల్లో రాసి ఇవ్వాలి. ఒకటి అత్యుత్తమ మార్కు, నాలుగు దాటితే తప్పినట్టు. మన లెక్కకు తిరగబడ్డ నిచ్చెన. నేను గుంటూరు గ్రహణం తీసుకున్నాను. మొదటి వారంలోనే మేష్టారు అడిగింది ఒక్కటే: జాన్‌సెన్ తన ఉత్తరాల్లో ఏం రాశాడు, తర్వాతి వాళ్లు ఆయనకు ఏం అంటగట్టారు?

వెతికితే కథ కొంచెం సన్నబడింది. జాన్‌సెన్ గొప్ప పని చేశాడు, గ్రహణం లేకుండా సూర్యుడి జ్వాలల్ని చూసే దారి కనిపెట్టాడు. కొత్త మూలకం దొరికిందని మాత్రం ఆయన చెప్పుకోలేదు. ఆ జ్వాలల్లో కనిపించిన పసుపు గీత సోడియానిది కాదని పట్టుబట్టి, దానికి హీలియం అని పేరు పెట్టేదాకా తీసుకెళ్లినవాడు లాకియర్. భూమి మీద అది దొరికింది 1895లో, రామ్సే చేతిలో. అయితే బెంగళూరు ఖగోళశాస్త్రజ్ఞుడు బిమన్ నాథ్ హీలియం మీద రాసిన పుస్తకంలో, మచిలీపట్నంలో పోగ్సన్ ఆ పసుపు గీతను గమనించి, సోడియం గీతతో కచ్చితంగా కలవడం లేదన్న అనుమానం నమోదు చేశాడని చూపించాడు. పోగ్సన్ నివేదికను మద్రాసు ప్రభుత్వం ముద్రించిందే తప్ప, అది యూరప్ పత్రికల దాకా వెళ్లలేదు. గుంటూరుదాన్నైన నేను ఆ పేరును బందరుకు పంచి ఇవ్వాల్సి వచ్చింది.

1.3 వచ్చింది. కింద ఒక వాక్యం: పోగ్సన్ గురించి మూడు పేజీలు చాలవు, అసలు నివేదిక చూడండి. ఇంటికొచ్చాక చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు అనుమతి కోసం రాశాను. ఈలోపు మచిలీపట్నం వెళ్లి ఆ పాత కంటోన్మెంట్ ప్రాంతమంతా ఒకసారి తిరగాలనుంది. ఈ మాట అమ్మతో అన్నాను.

“బందరు సంగతి తెలుసుకోడానికి జర్మనీ దాకా వెళ్లి రావాలటే? బస్సెక్కితే మూడు గంటలు లేదు” అంది. వచ్చే ఆదివారం వెళ్తున్నాం. తనూ వస్తానంది. చిలకలపూడి పాండురంగడి గుడి చూసి చాలా ఏళ్లయిందట.